బడికి ఏ కాగితం ఇవ్వాలి, ఏది ఇవ్వక్కర్లేదు: అమెరికాలో వలస కుటుంబాల తరచుగా అడిగే ప్రశ్నలు

మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో కొత్తగా దిగిన కుటుంబాలకు అడ్మిషన్ ఫారాలు నింపడంలో కొన్నేళ్లుగా సాయం చేస్తున్నాను. ఆగస్టు వచ్చిందంటే ఫోను ఆగదు. అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్నలు మాత్రం అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. నేను లాయర్ని కాదు. మీ వీసాకు సంబంధించి ఏ నిర్ణయమైనా ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే తీసుకోండి. ఇక్కడున్నది కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో గ్రేడ్ దాకా పబ్లిక్ స్కూళ్ల సంగతి. ప్రభుత్వ నిధులు తీసుకోని ప్రైవేటు స్కూళ్లకు ఇందులో చాలాభాగం వర్తించదు.

మేం హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చాం. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇదంతా మాకెందుకండీ?

ఎక్కువమంది మొదట అనేమాట ఇదే. ఒకసారి అడ్మిషన్ కౌంటర్ దగ్గర నా ముందు ఒకావిడ నిలబడింది. క్లర్కు అడిగింది మూడే మూడు: పాప వయసుకు రుజువు, ఇంటి లీజు, టీకాల కాగితం. ఈవిడ బ్యాగులోంచి లావుపాటి ఫోల్డరు తీసి పాప పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు), ఐ-797 (దరఖాస్తు మీద ఇమిగ్రేషన్ శాఖ పంపే నోటీసు), తన పాస్‌పోర్టు, ఆయన పాస్‌పోర్టు, ఆయన ఆఫర్ లెటరు, ఆఖరికి పే స్టబ్బులు కూడా ఒక్కొక్కటీ బల్లమీద పరిచేసింది. క్లర్కు మారుమాట్లాడకుండా అన్నీ కాపీ మిషన్లో పెట్టింది. వద్దు అనడం ఆమె పని కాదు కదా. బయటికొచ్చాక "ఎందుకమ్మా అన్నీ ఇచ్చావు?" అంటే, "మళ్లీ మళ్లీ తిప్పుతారేమోనని అక్కా" అంది.

మనకు కాన్సులేటు అలవాటు చేసిన జబ్బిది. అక్కడ అడగనిది కూడా పట్టుకెళ్లాలి. బడి దగ్గర దానికి పూర్తిగా తిరగేసి ఆలోచించాలి: అడగనిది ఇవ్వకూడదు. ఇవాళ సక్రమంగా ఉన్న ఇమిగ్రేషన్ స్టేటస్ ఎల్లకాలం అలాగే ఉంటుందన్న పూచీ లేదు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఎక్స్‌టెన్షన్ పెండింగులో ఉండొచ్చు. గ్రీన్‌కార్డు క్యూ కదలక పిల్లాడికి 21 నిండొచ్చు, అప్పుడు మీ వీసా నీడలో ఉండలేడు. ఆ కాపీలు మాత్రం ఫైల్లోనే ఉంటాయి. ఊరు మారి వేరే స్కూల్లో చేరితే, మళ్లీ మిమ్మల్ని అడగకుండానే ఆ ఫైలు కొత్త బడికి వెళ్లొచ్చు, చట్టం అందుకు ఒప్పుకుంటుంది. ఫైల్లో లేనిది ఎవరూ అడగలేరు, ఎవరూ దొంగిలించలేరు.

అయితే చేర్చడానికి నిజంగా ఏం కావాలి?

వయసు, నివాసం, టీకాలు.

వయసుకు పుట్టిన తేదీ సర్టిఫికెట్ చాలు. ఇండియాలో మున్సిపాలిటీ ఇచ్చినదైనా సరే. విదేశంలో పుట్టినట్టు అందులో ఉందని అడ్మిషన్ ఆపకూడదు. అది దొరక్కపోతే పాస్‌పోర్టు మొదటి పేజీ, పాత స్కూలు రికార్డు, ఆసుపత్రి రికార్డు లాంటివి కూడా చాలా డిస్ట్రిక్టులు తీసుకుంటాయి. పాస్‌పోర్టే ఇస్తుంటే ఫొటో, పుట్టిన తేదీ ఉన్న పేజీ ఒక్కటే కాపీ తీసి పట్టుకెళ్లండి. పుస్తకం మొత్తం చేతికివ్వకండి, వీసా పేజీ కాపీ అసలే ఇవ్వకండి.

నివాసానికి లీజు, కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు. వచ్చి వారమే అయింది, ఫ్రెండు ఇంట్లో ఉన్నాం అంటారా? ఆ ఫ్రెండు తన లీజు కాపీతో పాటు "వీళ్లు మా ఇంట్లో ఉంటున్నారు" అని నోటరీ చేయించిన అఫిడవిట్ ఇస్తే చాలాచోట్ల సరిపోతుంది. ఇల్లు దొరక్కో, డబ్బు లేకో బంధువుల ఇంట్లో సర్దుకుంటున్న పరిస్థితైతే నిలకడైన ఇల్లు లేని పిల్లల కోసం చేసిన 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం కిందికి వస్తారేమో అడగండి. ఆ చట్టం వర్తిస్తే కాగితాలు చేతిలో లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి.

టీకాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఇండియా డాక్టరు రాసిచ్చిన చిన్న పుస్తకంలో తేదీలు, టీకా పేరు స్పష్టంగా కనిపించాలి. చేతిరాత అర్థంకాక వెనక్కి పంపిన కేసులు బోలెడు. బయలుదేరే ముందే టైపు చేయించి సంతకం పెట్టించుకోండి.

వీసా, ఐ-94, ఐ-797, గ్రీన్‌కార్డు ఈ జాబితాలో లేవు.

మా బాబుకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. ఫారంలో ఆ గడి తప్పనిసరి అని చూపిస్తోంది.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) పిల్లలకు మామూలుగా ఆ నంబరు ఉండదు. కంగారు పడకండి, లేదని అడ్మిషన్ ఆపకూడదు. 1974 నాటి ప్రైవసీ చట్టం ప్రకారం, ఆ నంబరు అడిగే ప్రభుత్వ సంస్థ అది తప్పనిసరా, ఐచ్ఛికమా, ఏ అధికారంతో అడుగుతోంది, దేనికి వాడుతుంది అన్నవి చెప్పాలి. నంబరు ఉన్నా ఇవ్వనక్కర్లేదు. ఆన్‌లైన్ ఫారం ముందుకు కదలకపోతే ఆఫీసుకు మెయిల్ పెట్టండి. వాళ్లు వేరే స్టూడెంట్ ఐడీ ఇస్తారు. టెక్సస్‌లో అయితే ఎస్ అక్షరంతో మొదలయ్యే నంబరు వస్తుంది. దొంగ నంబరో, తొమ్మిది సున్నాలో కొట్టడం మాత్రం వద్దు.

అసలు స్టేటస్సే లేని పిల్లలకు బడిలో చదువుకునే హక్కు ఉందా?

ఉంది. ఆ హక్కు వెనకున్న కథ డాలస్‌కు తూర్పున, గంటన్నర దూరంలో ఉన్న టైలర్ అనే ఊళ్లో మొదలైంది. డాలస్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, మనలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు.

1975లో టెక్సస్ తన విద్యా చట్టాన్ని సవరించి, చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లల చదువుకు రాష్ట్ర నిధులు ఇవ్వబోమంది. 1977లో టైలర్ స్కూల్ డిస్ట్రిక్ట్ అలాంటి పిల్లలు ఒక్కొక్కరు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు కట్టాలని పెట్టింది. కూలి పని చేసుకునే మెక్సికన్ కుటుంబాలు నాలుగు కోర్టుకెక్కాయి. బయటపడితే పట్టుకుంటారన్న భయం వల్ల వాళ్ల పేర్లు రికార్డులో రాలేదు, "డో" అని మారుపేరు పెట్టారు. జనం కంట, పత్రికల కంట పడకూడదని ఫెడరల్ జడ్జి విలియం వేన్ జస్టిస్ విచారణను పొద్దున్నే ఆరింటికి పెట్టాడు. అటునుంచి అటే దేశం దాటించేస్తారేమోనని కొందరు సామాను కారులో సర్దుకుని మరీ వచ్చారట. అవతలి పక్షం స్కూల్ సూపరింటెండెంట్ జేమ్స్ ప్లైలర్. అందుకే కేసు పేరు ప్లైలర్ వర్సెస్ డో.

1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4 తేడాతో పిల్లల పక్షాన తీర్పిచ్చింది. రాసినది జస్టిస్ విలియం బ్రెన్నన్. రాజ్యాంగం పద్నాలుగో సవరణ "వ్యక్తి" అంటుంది, "పౌరుడు" అని కాదు; తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లల్ని శిక్షించడం తగదు. తీర్పు సారాంశం అది. పేరు దాచగలిగారు కాబట్టే ఆ కేసు నడిచింది. పిల్లల హక్కు, పిల్లల గోప్యత మొదటి రోజునుంచీ జోడెడ్లు.

ఆ తీర్పును మార్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి అంటున్నారు?

కొత్తేం కాదు. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు, స్టేటస్ లేని పిల్లల్ని బడుల్లో చేర్చుకోవద్దనే ప్రొపొజిషన్ 187 గెలిపించారు, కోర్టు అడ్డుకుంది. 2011లో అలబామా కొత్తగా చేరే పిల్లల స్టేటస్ ఆరా తీయమని బడులకు చెప్పింది. భయంతో పిల్లలు రావడం మానేశారు. 2012లో అప్పీళ్ల కోర్టు ఆ నిబంధన కొట్టేసింది. 2025 జనవరిలో ఓక్లహోమా విద్యా బోర్డు పౌరసత్వ రుజువు అడగాలంది. గవర్నర్ ఒప్పుకోలేదు, చట్టసభ తోసిపుచ్చింది. ఇంకోపక్క ఇలినాయ్ 2025లో తన సొంత చట్టం చేసుకుంది, రేపు ప్లైలర్ తీర్పు మారినా తమ రాష్ట్రంలో పిల్లల చదువు ఆగకుండా. తీర్పు అయితే ఇవాళ్టికీ నిలిచే ఉంది.

మా అక్క కొడుకు విజిటర్ వీసా మీద వచ్చాడు. కొన్నాళ్లు ఇక్కడ బడికి పంపొచ్చా?

స్కూలు స్టేటస్ అడగకపోవచ్చు, చేర్చుకోనూ వచ్చు. కానీ విజిటర్ వీసా నిబంధనలు కోర్సులో చేరడాన్ని ఒప్పుకోవు. దాని ఫలితం పడేది ఆ పిల్లాడి వీసా మీద. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద పబ్లిక్ హైస్కూల్లో చదవాలంటే 12 నెలలకు మించకూడదు, పూర్తి ఖర్చు ముందే కట్టాలి. ఎలిమెంటరీకి అదీ లేదు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాల వెంట వచ్చిన హెచ్-4, ఎల్-2 పిల్లలకు ఈ గొడవ లేదు, వేరే వీసా అక్కర్లేకుండానే చదువుకోవచ్చు.

ఫెర్పా అంటే ఏంటి? అందరూ ఆ పేరు అంటుంటారు.

1974లో వచ్చిన ఫెడరల్ చట్టం. పిల్లల స్కూలు రికార్డుల మీద తల్లిదండ్రులకు ఉన్న ముఖ్యమైన హక్కులు అందులో ఉన్నాయి. మీ సంతకం లేకుండా ఆ రికార్డు బయటివాళ్లకు ఇవ్వకూడదు. మినహాయింపులున్నాయి: కోర్టు ఉత్తర్వు, పిల్లాడు మారే కొత్త స్కూలు, పనిమీద చూడాల్సిన టీచర్లు, ప్రాణాపాయం లాంటి అత్యవసరం. ఇమిగ్రేషన్ శాఖకు ప్రత్యేకంగా ఏ మినహాయింపూ లేదు, ఎఫ్, ఎం, జె వీసా విద్యార్థుల విషయంలో తప్ప. వాళ్ల వివరాలు సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) నమోదు కావాల్సిందే.

దీన్ని వాడుకునేవాళ్లు బహుతక్కువ. మీ పిల్లాడి ఫైలు చూపించమని అడగొచ్చు, అడిగిన 45 రోజుల్లోపు చూపించి తీరాలి. మీ పేరు ఏ దేశం కాగితం మీద ఉంది, మీకు స్టేటస్ ఉందా అన్నది అనవసరం, తల్లో తండ్రో అయితే చాలు. ఫైలు తెరిచాక రెండు చూడండి. ఒకటి, అందులో వీసా కాపీలు ఏమైనా ఉన్నాయా. రెండు, బయటివాళ్లకు ఎవరికైనా ఇచ్చినట్టు నమోదు ఉందా. అలాంటి లెక్క రాసి ఉంచాల్సిన బాధ్యత బడిదే.

వీసా కాపీలు కనబడితే "మా అమ్మాయి గోప్యతకు భంగం, దీని అవసరం మీకు లేదు, దయచేసి తీసేయండి" అని మెయిల్ పెట్టండి. తప్పుగా ఉన్నవాటినే కాదు, పిల్లల గోప్యతను దెబ్బతీసేవాటిని కూడా సవరించమని అడిగే హక్కు చట్టంలో ఉంది. కాదంటే హియరింగ్ అడగొచ్చు. నాకు తెలిసినంతలో అక్కడిదాకా వెళ్లదు. పైన చెప్పిన ఫోల్డరు ఆవిడ చేత నేనే ఆ మెయిల్ రాయించాను. నాలుగు రోజుల్లో "తీసేశాం" అని జవాబు వచ్చింది.

"డైరెక్టరీ ఇన్ఫర్మేషన్" అని ఒక టిక్కు ఉంటుంది. అదేంటి?

ఆగస్టులో ఆన్‌లైన్ ఫారాలు వస్తాయి చూడండి, బస్సు, భోజనం, ఐప్యాడ్ ఒప్పందం, ఒకదాని తర్వాత ఒకటి. రాత్రి పదకొండింటికి కళ్లు మూతలు పడుతుంటే నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేస్తాం. ఆ వరసలోనే ఎక్కడో ఉంటుంది ఈ టిక్కు.

పేరు, అడ్రసు, ఫోను, ఫొటో, పుట్టిన తేదీ లాంటివి "ఇస్తే పెద్ద హాని లేని సమాచారం" అని బడి ప్రకటించుకోవచ్చు. అలా ప్రకటించినవాటిని మీ సంతకం లేకుండానే బయటివాళ్లకు ఇవ్వొచ్చు. పుట్టిన ఊరు కూడా ఈ కోవలో పెట్టుకునే వీలు చట్టం ఇచ్చింది. మన పిల్లల విషయంలో ఆ ఒక్క ముక్క ఎంత చెబుతుందో వేరే చెప్పాలా? ఇవ్వొద్దు అని మీరు రాతపూర్వకంగా చెబితే ఇవ్వకూడదు. గడువు ఉంటుంది, ప్రతి ఏడాదీ మళ్లీ చెప్పాల్సి రావచ్చు.

ఒక చిక్కు. కొన్ని డిస్ట్రిక్టుల్లో మొత్తానికి "వద్దు" అంటే ఇయర్‌బుక్కులో ఫొటో, స్పెల్లింగ్ బీ గెలిస్తే న్యూస్‌లెటర్లో పేరు కూడా రావు. మా వాడు ఐదో క్లాసులో ఉండగా అలాగే అయి, నా మీద నెల రోజులు అలిగాడు. ఇయర్‌బుక్కుకు విడిగా ఒప్పుకునే వీలుందేమో ముందే అడగండి.

హైస్కూలు పిల్లలకైతే మరో టిక్కు: సైన్యంలో చేర్చుకునేవాళ్లకు పేరు, అడ్రసు, ఫోను ఇస్తారు. వద్దనుకుంటే దాన్ని విడిగా చెప్పాలి.

ఐస్ (ఇమిగ్రేషన్ చట్టాలు అమలుచేసే శాఖ) అధికారులు స్కూలుకు వస్తే ఏమవుతుంది?

2011 నుంచి బడులు, ఆసుపత్రులు, గుళ్లు, చర్చిల దగ్గర అరెస్టులకు దిగొద్దని ఆ శాఖ తనకు తానే పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉండేది. 2021లో దాన్ని ఇంకా విస్తరించారు. 2025 జనవరి 20న ఎత్తేశారు. అది చట్టం కాదు, అంతర్గత ఆదేశం. అందుకే సంతకంతో పోయింది. పోనిది, అకారణ సోదాల నుంచి కాపాడే రాజ్యాంగం నాలుగో సవరణ. బడిలో జనానికి తెరిచి ఉండే భాగం వేరు, క్లాసు గది వేరు. లోపలికి రావాలంటే జడ్జి సంతకం చేసిన వారంట్ చూపమని అడిగే హక్కు బడికి ఉంది.

చిక్కంతా ఇక్కడే. వారంట్ అని రాసి ఉన్న ప్రతి కాగితమూ జడ్జిది కాదు. ఐ-200, ఐ-205 అని రెండు ఫారాలున్నాయి. పైన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పేరుంటుంది, కింద ఇమిగ్రేషన్ అధికారి సంతకం ఉంటుంది. చూడ్డానికి గంభీరంగా ఉన్నా, దాంతో మూసి ఉన్న చోటికి అనుమతి లేకుండా వెళ్లే అధికారం రాదు. జడ్జి వారంటుకు పైన కోర్టు పేరు, కింద జడ్జి లేదా మేజిస్ట్రేట్ సంతకం, వెతకాల్సిన చోటు, తేదీ ఉంటాయి. ఫ్రంట్ ఆఫీసులో కూర్చునే ఉద్యోగికి ఆ తేడా తెలియకపోతే హక్కు ఉండీ లేనట్టే. అందుకే ఆ సమయంలో ఎవరు మాట్లాడతారో, డిస్ట్రిక్ట్ లాయరుకు ఎవరు ఫోను చేస్తారో రాసిపెట్టుకున్న బడులు నయం. మీ ప్రిన్సిపాల్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "ఇలాంటప్పుడు మీ పద్ధతి ఏంటి, కాపీ ఇస్తారా?" సూటిగా సమాధానం వస్తే సంతోషం. రాకపోతే స్కూల్ బోర్డు మీటింగులో అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

కాలిఫోర్నియాలో 2025లో ఏబీ 49 అనే చట్టం వచ్చి, జడ్జి వారంటు లేదా కోర్టు ఉత్తర్వు లేకుండా లోపలి భాగాల్లోకి రానివ్వకూడదని బడులనే కట్టడి చేసింది. అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు. బస్‌స్టాపు, బడి ముందు రోడ్డు, పికప్ లైను దగ్గర మాత్రం బడి చేయగలిగింది తక్కువ.

లోపలికి రాకుండా, రికార్డులే అడిగితే?

అడిగేది తరచుగా సబ్‌పీనా (రికార్డులు ఇవ్వమనే అధికారిక ఆదేశం) రూపంలో వస్తుంది. ఇమిగ్రేషన్ శాఖ జారీచేసే సబ్‌పీనాను బడి పాటించకపోతే, ఆ శాఖ ఫెడరల్ కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి. దానంతట అదే అమలు కాదు. పైగా ఫెర్పా ప్రకారం ఇచ్చేముందు తల్లిదండ్రులకు చెప్పడానికి బడి తగిన ప్రయత్నం చేయాలి, చెప్పొద్దని కోర్టు గానీ, సబ్‌పీనా ఇచ్చిన శాఖ గానీ ఆదేశిస్తే తప్ప. అంటే లాయరును పట్టుకోవడానికి మీకు కాస్త వ్యవధి దొరుకుతుంది. ఒక జాగ్రత్త: బడిలో ఉండే పోలీసు విభాగం తన పనికోసం రాసుకున్న రికార్డులు ఫెర్పా కిందికి రావు.

పిల్లలకు ఏం చెప్పాలి? భయపెట్టకుండా చెప్పడం ఎలా?

చిన్నపిల్లలకు వీసా పాఠం అక్కర్లేదు. "మన ఇంటి కాగితాల సంగతి బయట చెప్పం, ఎవరైనా అడిగితే అమ్మనడుగు అను" అంటే చాలు. జీతం సంగతి చెప్పొద్దంటే వింటున్నారుగా, ఇదీ అంతే.

పెద్ద పిల్లలకు ఒకటి నేర్పండి: మాట్లాడకుండా ఉండొచ్చు, అబద్ధం మాత్రం ఆడకూడదు. 18 నిండిన వలసదారులు ఐ-94 లేదా గ్రీన్‌కార్డు లాంటి రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం. పన్నెండో గ్రేడులో చాలామందికి 18 నిండుతాయి. ఇంకొకటి, బడికి సంబంధం లేనిదే అయినా మన వాట్సాప్ గ్రూపుల్ని హోరెత్తించింది: 14 నిండిన పిల్లలు 30 రోజుల్లోపు మళ్లీ రిజిస్టర్ చేసుకుని వేలిముద్రలు ఇవ్వాలి. 2025 ఏప్రిల్ నుంచి దీన్ని గట్టిగా పట్టించుకుంటున్నారు. ఆ కాగితం బడికి చూపించాల్సిన పని లేదు.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో ఉంది. తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ నేర్పే ప్రత్యేక క్లాసు) వేస్తారట కదా?

నిజం రాయండి. "ఇంగ్లిష్" అని రాసేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంటులో ఒకరుంటారు. తెలుగు అని రాస్తే పిల్లాడికి ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. బాగా వస్తే అక్కడితో సరి. రాకపోతే ప్రత్యేక సాయం అందుతుంది. 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో సాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా కుటుంబాల పిల్లలకోసం సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పువల్ల వచ్చిన సాయమది, శిక్ష కాదు. ఆ క్లాసు వద్దనుకుంటే వద్దని చెప్పే హక్కూ మీకుంది. ఈ సమాచారం చదువుకోసమే. ఇంటి భాషకూ, స్టేటస్‌కూ ముడిలేదు, ఇక్కడే పుట్టిన పిల్లలకూ అదే ఫారం.

"మీ కుటుంబం అమెరికాకు ఎలా వచ్చింది" అని ప్రాజెక్టు ఇచ్చారు.

టీచరు ఉద్దేశం మంచిదే అయుంటుంది. తాతగారి ఊరు, విమానంలో మొదటి ప్రయాణం రాయించండి, వీసా పేరు రాయక్కర్లేదు. గోడకు అంటిస్తారని మరిచిపోకండి. పిల్లాడి చేత ఆ ముక్క చెప్పించాలని చూస్తే టీచరుకు రెండు వాక్యాల మెయిల్ చాలు. సర్వేలైతే వేరే సంగతి: మతం, ఆదాయం, రాజకీయాలు, చట్టవిరుద్ధ ప్రవర్తన లాంటివి అడిగే సర్వేల నుంచి పిల్లల్ని తప్పించే హక్కు 1978 నాటి పీపీఆర్‌ఏ చట్టం ఇచ్చింది.

మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు. టీచరుతో మాట్లాడేటప్పుడు పాప అనువాదం చేస్తే పోదా?

వద్దు. దుబాసీని ఇవ్వమని బడిని అడగండి, ఖర్చు మీది కాదు. పాప తన గురించే వచ్చిన ఫిర్యాదును ఎంత అందంగా అనువదిస్తుందో మీకు తెలియంది కాదు.

ఉచిత భోజనం, స్పెషల్ ఎడ్యుకేషన్ తీసుకుంటే గ్రీన్‌కార్డుకు అడ్డమా?

భోజనం ఫారంలో స్టేటస్ అడగరు. ఇంట్లో ఒక పెద్దవాళ్ల సోషల్ నంబరు చివరి నాలుగు అంకెలు అడుగుతారు, లేకపోతే లేదని టిక్కు పెట్టే గడి పక్కనే ఉంటుంది. పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీదే బతుకుతారని గ్రీన్‌కార్డు నిరాకరించడం) మీద 2022లో వచ్చిన నిబంధన బడి భోజనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ నిబంధనను వెనక్కి తీసుకోవాలన్న ప్రతిపాదన 2025 నవంబరులో వచ్చింది, కాబట్టి గ్రీన్‌కార్డు దరఖాస్తుకు ముందు లాయర్ని అడగండి. స్పెషల్ ఎడ్యుకేషన్ చదువులో భాగం, ఏ వీసా పిల్లలకైనా హక్కే. మాటలు ఆలస్యమైన పిల్లల్ని ఈ భయంతో రెండేళ్లు ఇంట్లోనే ఉంచేసిన వాళ్లను చూశాను. పోయిన ఆ రెండేళ్లు ఎవరూ తెచ్చివ్వలేరు.

"మీ దేశానికి పో" అని బస్సులో ఏడిపిస్తున్నారు.

నోటిమాటగా కాకుండా రాసి పంపండి. తేదీ, బస్సు నంబరు, అన్న మాట యథాతథంగా, చూసినవాళ్ల పేర్లు. "పిల్లలు ఏడిపిస్తున్నారు" అని రాస్తే కౌన్సెలర్ దగ్గర ఆగిపోతుంది. "పుట్టిన దేశం కారణంగా వేధిస్తున్నారు" అని రాస్తే అది 1964 పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం కిందికొచ్చే విషయం, పట్టించుకోకపోతే బడి జవాబు చెప్పుకోవాలి. ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. ఫెర్పా ఉల్లంఘనకైతే అదే శాఖలో విద్యార్థి గోప్యత కార్యాలయం వేరే ఉంది, అక్కడా 180 రోజులే. ఫెర్పా మీద నేరుగా దావా వేయడానికి లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఏడిపించేవాళ్లు ఎప్పుడూ పరాయివాళ్లే అనుకోకండి. ఇంటిపేరు అడిగి లెక్కలేసుకునే తెలుగు పిల్లలూ ఉన్నారు. ఆ ప్రశ్న వాళ్లకు ఎవరు నేర్పారో చెప్పక్కర్లేదు.

మేమిద్దరం వీసా స్టాంపింగుకు ఇండియా వెళ్లి ఇరుక్కుపోతే, లేదా మమ్మల్ని ఎక్కడైనా ఆపేస్తే, పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు?

ఎమర్జెన్సీ కార్డులో పేరున్నవాళ్లే తీసుకెళ్లగలరు. చాలామంది కార్డులో అమ్మ, నాన్న తప్ప మూడో పేరు ఉండదు. కాన్సులేటు 221(జి) స్లిప్పు (వీసా ఇంకా ఇవ్వలేదు, ఆగండి అనే కాగితం) చేతిలో పెట్టాక ఇండియా నుంచి ఆ మార్పు చేయించడం నరకం. బయలుదేరే ముందే నమ్మకమైన ఇద్దరి పేర్లు, ఫోన్లు చేర్చండి. బడికి, డాక్టరుకు సంబంధించిన నిర్ణయాలు తీసుకునేలా ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి నోటరీ చేయించండి. దాని రూపం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పిల్లాడికి రెండు ఫోను నంబర్లు నోటికి వచ్చి ఉండాలి, ఫోన్లో సేవ్ చేసినవి కాదు.

యాప్‌ల సంగతి?

2024 డిసెంబరులో, బడులు పిల్లల రికార్డులు దాచుకునే పవర్‌స్కూల్ అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థలోకి చొరబడి ఎన్నో డిస్ట్రిక్టుల పిల్లల పేర్లు, అడ్రసులు, కొందరి సోషల్ నంబర్లు, ఆరోగ్య వివరాలు దోచారు. అక్కడ ఇవ్వని నంబరు పోలేదు. పదమూడేళ్లలోపు పిల్లల సమాచారం తీసుకునే యాప్‌లు తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకోవాలని 1998 నాటి కోపా చట్టం చెబుతుంది, బడి పనికి వాడేవాటికి ఆ ఒప్పుదల చాలాసార్లు బడే ఇచ్చేస్తుంది. అది సరే, క్లాసు వాట్సాప్ గ్రూపులో "మా ఐ-797 ఇలా వచ్చింది, మీదెలా వచ్చింది" అని ఫొటో పెట్టేది ఏ హ్యాకరూ కాదు.

పాప కాలేజీలో చేరింది. మార్కులు చెప్పమంటే చెప్పరే?

18 నిండినా, కాలేజీలో చేరినా ఫెర్పా హక్కులు పాపవే. ఫీజు మీరే కట్టినా సరే. పన్నులో ఆధారితురాలిగా చూపితే కాలేజీ చెప్పొచ్చు, చెప్పి తీరాలని లేదు. పాపనే అడగండి.

మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. పిల్లాడిని బడి నుంచి తీసుకురావాలంటే పాస్‌పోర్టు చూపాలట. ఫర్వాలేదా?

ఫర్వాలేదు. ఎమర్జెన్సీ కార్డులో ఆవిడ పేరు ముందే చేర్చండి. ఆఫీసు కిటికీ దగ్గర ఫొటో ఉన్న గుర్తింపు అడుగుతారు, చాలా బడుల్లో దాన్ని మిషన్లో పెడతారు. లైంగిక నేరస్తుల జాబితాతో పోల్చి చూడటం దాని పని, ఇమిగ్రేషన్ తనిఖీ కాదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ తెరిచి చూపమనండి. వీసా పేజీ వాళ్లు అడగరు. మా అమ్మ మాత్రం అడగకముందే ఐ-94 ప్రింటవుటు కూడా మడత విప్పి కిటికీలోంచి తోసింది. అక్కడున్నావిడ నవ్వి, అది వెనక్కి ఇచ్చేసి, స్టిక్కరు మీద "గ్రాండ్‌మా" అని రాసి చీర మీద అంటించింది.